ఆరోగ్యం రాష్ట్రానిది, రోగం మీది

మళ్లీ ఒక కార్డు వస్తోంది. సంతోషం. ఇంట్లో తెల్ల రేషన్ కార్డు ఉంది, ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, ఆయుష్మాన్ కార్డు ఉంది, ఫోనులో 14 అంకెల ఆభా నంబరు ఉంది, డెబ్బై దాటిన తాతగారికి వయ వందన కార్డు విడిగా ఉంది. ఇప్పుడు కుటుంబం మొత్తానికి కలిపి ఒక డిజిటల్ కార్డు, దాని వెనక ఒక బీమా కంపెనీ. గుండెనొప్పి వస్తే వీటిలో ముందు ఏది తీయాలో చెప్పే కార్డొక్కటే బాకీ. వచ్చే ఎన్నికల్లోపు అదీ ఇస్తారు, కంగారు పడకండి. పరిమితి కూడా పెరుగుతూనే ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి రెండు లక్షలు. 2018లో ఢిల్లీ ఆయుష్మాన్ భారత్ పేరుతో ఐదు లక్షలంది. 2023 డిసెంబరులో, ఒకే నెలలో, తెలంగాణ పది లక్షలంది, ఆంధ్రప్రదేశ్ ఇరవై అయిదు లక్షలంది. బాలాపూర్ లడ్డూ వేలంపాట కూడా ఇంత ఊపులో సాగదు. కాకపోతే బాలాపూర్‌లో పాట పాడినవాడు డబ్బు కట్టి తీరాలి.

ఇక్కడ ఆ నియమం లేదు. అందుకే 2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు రాలేదంటూ సేవలు ఆపేశాయి. సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో. చేతిలో ఇరవై అయిదు లక్షల కార్డు, ఎదురుగా మూసిన కౌంటరు. ఆసుపత్రుల వాళ్లు బాకీ లెక్క చెప్పారు, ప్రభుత్వాల వాళ్లు దొంగ బిల్లుల లెక్క చెప్పారు. బహుశా ఇద్దరూ నిజమే చెప్పారు. నా ప్రశ్న వాళ్లిద్దరి గురించి కాదు. ఆ రోజు డయాలసిస్‌కి వచ్చి వెనక్కి వెళ్లిన మనిషి ఎవరి మీద ఫిర్యాదు చేయాలి? ఏ చట్టంలో ఏ సెక్షను కింద? అలాంటి సెక్షను లేదు. ఆరోగ్యశ్రీ ఒక ట్రస్టు నడిపే పథకం. ఆయుష్మాన్ భారత్ కేంద్ర మంత్రివర్గం తీర్మానంతో పుట్టిన పథకం. రెండింటికీ అసెంబ్లీ చేసిన చట్టమో పార్లమెంటు చేసిన చట్టమో వెనక లేదు. జీవోతో వచ్చింది జీవోతో పోతుంది, బకాయితో ఆగిపోతుంది. ఇచ్చినంత కాలం అది దయ, ఆపిన రోజు అది మీ ఖర్మ.

పక్కనే ఉన్న రేషన్ కార్డుని చూడండి, తేడా తెలుస్తుంది. 2013 ఆహార భద్రతా చట్టం వచ్చాక ఆ బియ్యం ప్రభుత్వం వేసే భిక్ష కాదు. మనిషికి ఐదు కిలోలు ఇవ్వాలి. ఇవ్వకపోతే బదులుగా భత్యం ఇవ్వాలి. జిల్లాలో ఫిర్యాదు తీసుకునే అధికారి ఉండాలి, రాష్ట్రంలో ఆహార కమిషన్ ఉండాలి. ఇవన్నీ అద్భుతంగా పనిచేస్తున్నాయని నేననను. కానీ డీలరు బియ్యం ఎగ్గొడితే అది తప్పు అని చెప్పడానికి కాగితం మీద ఒక వాక్యం ఉంది. ఆరోగ్య కార్డు పట్టుకుని వెళ్తే "ఆ స్కీము మా దగ్గర లేదండీ, అడ్వాన్సు కట్టండి" అన్నప్పుడు అది తప్పు అని చెప్పే వాక్యం ఎక్కడా లేదు. ఆయుష్మాన్ కార్డుల డేటాబేసులో 9999999999 అనే ఒకే ఫోను నంబరు మీద దాదాపు ఏడున్నర లక్షల మంది నమోదయ్యారని 2023లో కాగ్ లెక్క తేల్చింది. పథకానికి మనిషి అక్కర్లేదు, నంబరు చాలు. మనిషి కావాల్సింది హక్కుకి.

జాతీయ ఆరోగ్య చట్టం కావాలని అడిగేవాళ్లు అడుగుతున్నది ఇంతే. అత్యవసరంలో ఏ ఆసుపత్రి అయినా ముందు చేర్చుకోవాలి, డబ్బు మాట తర్వాత మాట్లాడాలి. ఆ ఖర్చు ఎవరిస్తారో చట్టంలోనే రాయాలి. ప్రతి చికిత్సకీ ధర ముందే తెలియాలి. కేసు షీటు రోగి చేతికి రావాలి. శవాన్ని బిల్లు కోసం ఆపకూడదు. ఫిర్యాదు చేస్తే ఆసుపత్రి యాజమాన్యంతోనూ మంత్రిగారితోనూ సంబంధం లేని ఒక వ్యవస్థ విచారించి, గడువులోపు తీర్పు చెప్పాలి. మండలానికి ఎన్ని పడకలు, ఎంతమంది డాక్టర్లు, ఎంతమంది నర్సులు ఉండాలో రాసి, లేకపోతే ఎవరు జవాబుదారో రాయాలి. ఇందులో విప్లవం ఏమీ లేదు. అయినా దీనికి ఢిల్లీ నుంచి వచ్చే జవాబు ఒక్కటే, దశాబ్దాలుగా అదే.

"ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల అంశం." పార్లమెంటులో ఆరోగ్యం మీద ప్రశ్న వేసిన ఏ సభ్యుడికైనా ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. ఆసుపత్రి బిల్లుల గురించి అడగండి, ఈ వాక్యం. డాక్టర్ల ఖాళీల గురించి అడగండి, ఈ వాక్యం. రోగుల హక్కుల పత్రం ఎందుకు అమలు కావట్లేదని అడగండి, ముందు ఈ వాక్యం, ఆ తర్వాత రాష్ట్రాలకు సలహా పంపామన్న వాక్యం. అబద్ధమా అంటే కాదు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితా, ఆరో అంశం: ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలతో ఉంది. కాకపోతే ఆ జాబితాలో ఆరో అంశం ఒక్కటే లేదు. పద్నాలుగో అంశం వ్యవసాయం. 2020లో మూడు సాగు చట్టాలు తెచ్చినప్పుడు ఆ జాబితా ఎవరికీ కనిపించలేదు. ఉమ్మడి జాబితాలో ఆహార పదార్థాల వ్యాపారం అనే దారి వెతికి మరీ తెచ్చారు. రెండో అంశం పోలీసు. 2008లో జాతీయ దర్యాప్తు సంస్థ వచ్చింది. భూమి కూడా రాష్ట్రాల అంశమే. అయినా ఫ్లాటు కొనేవాడు మోసపోకూడదని 2016లో పార్లమెంటు రెరా చట్టం చేసింది, ఒప్పందాలూ ఆస్తి బదిలీలూ ఉమ్మడి జాబితాలో ఉన్నాయన్న ఆధారంతో. మంచి పనే. అపార్టుమెంటు కొనేవాడికి దొరికిన దారి, ఆపరేషన్ చేయించుకునేవాడికి దొరకలేదు.

పోనీ, ఆరోగ్యం దగ్గర మాత్రమే కేంద్రానికి ఈ మొహమాటం అనుకుందామా? అదీ కాదు. గర్భంలోని పిండానికి 1994 నుంచి కేంద్ర చట్టం ఉంది. కిడ్నీకి, కాలేయానికి అదే ఏడాది అవయవ మార్పిడి చట్టం ఉంది. హెచ్ఐవీకి 2017లో వచ్చింది. డాక్టరు చదువుకి 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం వచ్చింది. ఊపిరితిత్తుల్లోకి పోయే ఈ-సిగరెట్ పొగకి అదే ఏడాది వచ్చింది. అద్దెగర్భానికి 2021లో వచ్చింది. ఈ భాగాలన్నీ కలిసి ఒక మనిషై స్ట్రెచర్ మీద పడుకుంటే మాత్రం, అప్పుడది రాష్ట్రాల అంశం. ఇంకా విచిత్రం, మనసు. 2017 మానసిక ఆరోగ్య చట్టం పద్దెనిమిదో సెక్షను ప్రతి మనిషికీ ప్రభుత్వం నడిపే లేదా ప్రభుత్వ సొమ్ముతో నడిచే మానసిక వైద్యం పొందే హక్కు ఉందని రాసింది. జిల్లాలో ప్రభుత్వ సేవ లేకపోతే అదే జిల్లాలో వేరే చోట చేయించుకున్న ఖర్చు ప్రభుత్వం తిరిగివ్వాలని కూడా రాసింది. అంటే డిప్రెషన్‌కి చికిత్స ఈ దేశంలో చట్టబద్ధమైన హక్కు, న్యుమోనియాకి చికిత్స ప్రభుత్వ దయ. మెడ పైభాగం పార్లమెంటుది, కింది భాగం అసెంబ్లీది అని రాజ్యాంగ సభలో ఎవరూ అన్న దాఖలా లేదు.

కోవిడ్ వచ్చినప్పుడు ఈ వాక్యం ఎంత సుఖంగా సెలవు పెట్టిందో గుర్తుందా? 2020 మార్చి 24 రాత్రి ఒక్క ప్రసంగంతో, 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా దేశమంతా తలుపులు వేసుకుంది. ఆ రాత్రి ఆరోగ్యం ఎవరి అంశం అని ఎవరూ అడగలేదు. టీకా సర్టిఫికెట్ మీద ప్రధాని ఫొటో వేసేటప్పుడూ అడగలేదు. సరే, విపత్తు అనుకుందాం. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి, అధికారిక లెక్క ప్రకారమే 11 మంది చనిపోయారు. ఆ జులై 20న రాజ్యసభలో ఆక్సిజన్ కొరతతో ఎంతమంది పోయారన్న ప్రశ్నకి జవాబు వచ్చింది. సెలవు ముగించుకుని మన వాక్యం తిరిగి డ్యూటీలో చేరింది: ఆరోగ్యం రాష్ట్రాల అంశం, ఆక్సిజన్ లేక చనిపోయారని ప్రత్యేకించి ఏ రాష్ట్రమూ నివేదించలేదు. ఫొటో కేంద్రానిది, శవం రాష్ట్రానిది.

ఇక్కడ వెటకారం ఆపుతాను. ఆ మే నెలలోనే జోగులాంబ గద్వాల జిల్లా పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర ఏం జరిగిందో రెండు రాష్ట్రాల వాళ్లకీ తెలుసు. కర్నూలు వైపు నుంచి హైదరాబాదు వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. హైదరాబాదు ఆసుపత్రి నుంచి బెడ్ ఖాయమైనట్టు కాగితం, దాని మీద కంట్రోల్ రూం అనుమతి ఉంటేనే ముందుకు. లోపల ఆక్సిజన్ సిలిండరు ముల్లు కిందికి దిగుతుంటే బయట బంధువులు పోలీసులకి దండాలు పెట్టారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చేదాకా ఒక భారత పౌరుడి ఊపిరికి రాష్ట్ర సరిహద్దు ఉంది. ఆ రాష్ట్రానికీ ఒక బాధ ఉంది: పడకలు తక్కువ, తాకిడి ఎక్కువ. కానీ పక్క రాష్ట్రం రోగిని చేర్చుకుంటే ఆ ఖర్చు ఎవరు భరించాలి, పడకలు ఎలా పంచుకోవాలి, అంబులెన్సును ఎవరైనా ఆపవచ్చా అన్నది రాసిపెట్టిన చట్టం ఉంటే అర్ధరాత్రి ఒక ఎస్సై టార్చిలైటు పట్టుకుని ఎవరు బతకాలో తేల్చే పని ఉండేది కాదు. ఆ పని ఆయనది కాదు. ఆయన చేత చేయించినవాళ్లకి సిగ్గుండాలి. మన దగ్గర అప్పుడు ఉన్నది బొంబాయి ప్లేగు కోసం తెల్లదొరలు నాలుగే సెక్షన్లతో రాసిన 1897 అంటువ్యాధుల చట్టం. దాని స్థానంలో కొత్తది తేవడానికి 2017లో ఒక ముసాయిదా తయారైంది. బిల్లుగా సభ ముందుకి రాలేదు. మూడేళ్ల తర్వాత మహమ్మారి వచ్చింది.

"చట్టాలు ఉన్నాయి కదా, అమలే లేదు" అనేవాళ్లకి ఇప్పుడు జవాబు. ఉన్న చట్టాలు ఎలాంటివో చూడండి. 2010 క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది. తెలంగాణ దాన్ని స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్ ఉమ్మడి రాష్ట్రం నాటి 2002 చట్టంతోనే నడుస్తోంది. కృష్ణకి ఇటు పడ్డ రోగికి ఒక చట్టం, అటు పడ్డ రోగికి ఇంకో చట్టం. కేంద్ర చట్టం ప్రకారం తాత్కాలిక రిజిస్ట్రేషన్ పది రోజుల్లో ఇవ్వాలి, ఇచ్చే ముందు విచారణ చేయకూడదు. మళ్లీ చదవండి: చేయకూడదు. కనీస ప్రమాణాలు ఖరారయ్యాక శాశ్వత రిజిస్ట్రేషన్ అట. ప్రమాణాలు ఏళ్ల తరబడి ఖరారవుతూ ఉండగా తాత్కాలికమే శాశ్వతమై కూర్చుంది. ఇది అమలు లోపం కాదు, రాతలోనే ఉన్న లోపం. 2012 నిబంధనల్లో తొమ్మిదోది ఇంకా ముచ్చటైనది. ఆసుపత్రి ధరల పట్టికను స్థానిక భాషలోనూ ఇంగ్లిషులోనూ అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ ధరలు కేంద్రం రాష్ట్రాలతో సంప్రదించి నిర్ణయించిన పరిధిలో ఉండాలి. కేంద్రం పరిధి నిర్ణయించలేదు. ఎందుకంటే రాష్ట్రాలు జవాబివ్వలేదట. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విసిగిపోయి, మీరు తేల్చకపోతే కేంద్ర ఉద్యోగులకిచ్చే సీజీహెచ్ఎస్ రేట్లనే తాత్కాలికంగా అమలు చేయమంటామని హెచ్చరించింది. కంటి శుక్లం ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రిలో కన్నుకి పది వేల లోపు, ప్రైవేటులో ముప్ఫై వేల నుంచి లక్షా నలభై వేల దాకా అని ఆ కేసులో పిటిషనర్లు చెప్పారు. కన్ను అదే, శుక్లం అదే.

ధర పెడితే ఆసుపత్రులు మూతపడతాయని ఒక బెదిరింపు ఎప్పుడూ ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో గుండెకి వేసే మందుపూత స్టెంటు ధరను కేంద్రం 30 వేల లోపుకి దించింది. అంతకుముందు లక్ష దాటి అమ్మినవాళ్లు ఉన్నారు. గుండె ఆసుపత్రులు మూతపడ్డాయా? కొత్త బ్రాంచీలు తెరిచాయి. మరుసటి ఏడాది జాతీయ మందుల ధరల సంస్థ ఢిల్లీ చుట్టుపక్కల నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు తిరగేస్తే, మందులు, సిరంజిల వంటి వాటి మీద కొన్నధర కంటే 1,737 శాతం దాకా లాభం వేసుకున్నట్టు తేలింది. డిశ్చార్జి రోజు చేతికొచ్చే బిల్లు ఎప్పుడైనా నిదానంగా చదివారా? డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు చార్జీ ఒకటి రెండు వరసలు. మిగతా పేజీలన్నీ గ్లవుజులు, దూది, సిరంజిలు, "కన్జూమబుల్స్" అనే ఒకే మాట కింద ఇమిడిపోయిన సమస్తం. జనరల్ వార్డులో ఒక రేటుకి చేసిన స్కానింగు డీలక్స్ గదిలో ఉన్నవాడికి ఇంకో రేటు. మెషీను ఒకటే, టెక్నీషియను ఒకడే, గది అద్దెతో పాటు ఎముకల ఫొటో ధర కూడా పెరుగుతుంది. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం కోవిడ్‌కి వార్డు రోజుకి 4,000, ఐసీయూ 7,500, వెంటిలేటరు 9,000 అని ధర పెట్టింది. కానీ ఖరీదైన మందులూ పీపీఈ కిట్లూ అందులో కలపలేదు. బిల్లులు లక్షల్లోకి ఏ సందులోంచి దూరాయో వేరే చెప్పాలా? జీవోలో సందు ఉంటుంది. చట్టంలో సందు పెడితే కనీసం సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు.

బీమా ఉంది కదా అంటారు కొందరు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి సున్నా అయింది, మంచిదే. పాలసీ అమ్మే కంపెనీని అదుపులో పెట్టడానికి చట్టబద్ధమైన నియంత్రణ సంస్థ ఉంది, అదీ మన హైదరాబాదులోనే. ఆ పాలసీతో మీరు వెళ్లే ఆసుపత్రి బిల్లుని అదుపులో పెట్టడానికి దేశం మొత్తానికి అలాంటి సంస్థ లేదు.

డాక్టర్ల సంఘాల అభ్యంతరం విందాం. రోగుల హక్కుల చట్టం అనగానే లైసెన్సు రాజ్ అంటారు, చిన్న నర్సింగ్‌హోములు బతకవంటారు. రెండో మాటలో నిజం ఉంది. పది పడకల ఊరి ఆసుపత్రికీ ఐదొందల పడకల కార్పొరేటుకీ ఒకే ప్రమాణం పెడితే చచ్చేది చిన్నదే. కాబట్టి స్థాయిని బట్టి ప్రమాణం పెట్టమని అడగాలి, అసలు వద్దని కాదు. ఇవే సంఘాలు డాక్టర్ల మీద దాడులు ఆపడానికి కేంద్ర చట్టం కావాలని ఏళ్లుగా సమ్మెలు చేస్తున్నాయి. న్యాయమైన కోరికే, 2024 ఆగస్టులో కలకత్తాలో డ్యూటీలో ఉన్న డాక్టరు మీద జరిగిన ఘోరం తర్వాత కాదనేవాడెవడు? మన రాష్ట్రాల్లో 2008 నుంచి దీనికి చట్టం ఉంది, అది చాలట్లేదన్నదే వాళ్ల వాదన. మరి రాష్ట్ర చట్టం డాక్టరుకి చాలనప్పుడు రోగికి ఎలా చాలుతుంది? స్ట్రెచర్ తోసేవాడికి కేంద్ర చట్టం కావాలి, దాని మీద పడుకున్నవాడికి మాత్రం అది లైసెన్సు రాజ్. అంత్య ఘడియలో బిల్లు చూసి మతి తప్పిన బంధువుకి వెళ్లి చెప్పుకోవడానికి ఒక తలుపు ఉంటే సగం దాడులు క్యాజువాలిటీ దాకా రావు. దాడిని సమర్థించడానికి అంటున్న మాట కాదిది. ఇద్దరికీ ఒకే చట్టం ఎందుకు కావాలో చెప్పడానికి.

డబ్బు లేదంటారు ఆఖరికి. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025కల్లా ప్రభుత్వ ఖర్చు దేశ స్థూల ఉత్పత్తిలో రెండున్నర శాతం చేస్తామంది. ప్రభుత్వం సొంత లెక్కల ప్రకారం 2021-22లో, కోవిడ్ ఏడాదిలో కూడా, అది 1.84 శాతం. అదే ఏడాది జనం నేరుగా జేబులోంచి పెట్టింది 3.56 లక్షల కోట్లు, మొత్తం ఆరోగ్య ఖర్చులో 39 శాతం పైనే. దేశంలో డబ్బు లేకపోవడం కాదు, ఆ డబ్బు జబ్బు పడ్డవాడి దగ్గర, జబ్బు పడ్డ రోజున, పుస్తెలు తాకట్టు పెట్టించి వసూలు చేస్తున్నాం. ఇక డబ్బు లేదన్న సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని కలకత్తాలో ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత ప్రభుత్వ ఆసుపత్రి పడక లేదని తిప్పి పంపిన కేసది. జీవించే హక్కులో అత్యవసర వైద్యం కూడా ఉందని కోర్టు తేల్చి, పాతిక వేల పరిహారం ఇప్పించింది. ఇరవై తొమ్మిదేళ్లు దాటాయి. ఆ హక్కు ఇప్పటికీ తీర్పుల పుస్తకంలోనే ఉంది. దాన్ని వాడుకోవాలంటే ముందు తిరస్కరించబడాలి, తర్వాత బతికి ఉండాలి, ఆ తర్వాత ఢిల్లీ వెళ్లడానికి లాయరు ఫీజు ఉండాలి.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మన దగ్గర నుంచే వస్తుంది, దాన్ని తేలిగ్గా కొట్టేయను. "కేంద్రం మిథ్య" అన్న నాయకుడి గడ్డ ఇది. రాష్ట్రాల చేతిలో మిగిలిన నాలుగు అధికారాల్లో ఆరోగ్యం ఒకటి, అదీ ఢిల్లీకి అప్పజెప్పాలా అంటే నేనూ వద్దనే అంటాను. ఆరోగ్యాన్ని ఉమ్మడి జాబితాలోకి మార్చమని పదిహేనో ఆర్థిక సంఘం వేసిన ఉన్నత స్థాయి బృందం సలహా ఇచ్చింది. దానితో నాకు పేచీ ఉంది. 108 అంబులెన్సు 2005లో మన ఉమ్మడి రాష్ట్రంలో రోడ్డెక్కింది, ఆరోగ్యశ్రీ ఇక్కడే పుట్టింది, రెంటినీ చూసి మిగతా దేశం నేర్చుకుంది. ఆ చొరవ చంపకూడదు. కానీ కనీసపు మెట్టు ఒకటి కేంద్రం వేసి, దాని ఖర్చులో వాటా పెట్టి, పైమెట్లు రాష్ట్రాలకి వదిలేస్తే చొరవ ఎక్కడ చచ్చింది? ఆహార భద్రతా చట్టం ఐదు కిలోలంది. తెలంగాణ ఆ మీద ఒక కిలో కలిపి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తోంది. ఎవరూ ఆపలేదు. కింది హద్దు పెట్టడం పెత్తనం కాదు. హద్దు లేకపోతే రాష్ట్రాల స్వేచ్ఛ ఏ రోగి దగ్గర ఎంత తక్కువ చేయవచ్చో తేల్చుకునే స్వేచ్ఛగా మిగులుతుంది.

ముసాయిదాలు లేకా అంటే, బీరువా నిండా ఉన్నాయి. 2009 జనవరిలో కేంద్ర ఆరోగ్య శాఖే జాతీయ ఆరోగ్య బిల్లు ముసాయిదా రాసింది, ఆరోగ్యాన్ని హక్కుగా గుర్తించింది. ఆ ప్రభుత్వం దాన్ని సభ గుమ్మం దాకా తేలేదు. 2014 చివర్లో వచ్చిన ఆరోగ్య విధానం ముసాయిదా జాతీయ ఆరోగ్య హక్కుల చట్టం చేద్దామా అని అడిగింది. 2017లో తుది విధానం వచ్చేసరికి హక్కు పోయి "హామీ" మిగిలింది, అదీ అంచెలంచెలుగా. ఢిల్లీని ఏలిన రెండు పార్టీలూ ఒక్కో సారి హక్కు అనే మాట నోట్లోకి తెచ్చుకుని మింగేశాయి. రాజస్థాన్ ఒక్కటే 2023 మార్చి 21న ఆరోగ్య హక్కు చట్టం పాస్ చేసింది. ప్రైవేటు డాక్టర్లు రెండు వారాలు సమ్మె కట్టారు, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రులను చట్టం నుంచి తప్పించి ఒప్పందం చేసుకున్నారు, ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, చట్టం నియమావళి లేకుండా మూలన పడింది. ఒంటరి రాష్ట్రం ఈ యుద్ధం గెలవలేదు అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

కాబట్టి "రాష్ట్రాల అంశం" అనే వాక్యాన్ని దాని మాట మీదే పట్టుకుందాం. రాజ్యాంగం 252వ అధికరణం ఏం చెబుతోందంటే, రెండు లేదా అంతకన్నా ఎక్కువ రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేసి అడిగితే, రాష్ట్ర జాబితాలోని అంశం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. తర్వాత ఇష్టమున్న రాష్ట్రాలు చేరవచ్చు. 2010 చట్టం వచ్చింది ఈ దారిలోనే. అడిగింది అరుణాచల్, హిమాచల్, మిజోరం, సిక్కిం. ఇందులో ఒక మెలిక ఉంది: అలా చేసిన చట్టాన్ని మళ్లీ మార్చాలంటే పార్లమెంటే మార్చాలి, అసెంబ్లీకి ఆ వీలు పోతుంది. అందుకే తీర్మానంలోనే కనీసపు మెట్టు వరకే అని గీత గీయాలి, అంతకు పైన రాష్ట్రం ఏం చేసుకున్నా అడ్డు ఉండకూడదని రాయాలి, డబ్బు వాటా అంకెతో సహా రాయాలి. అది చేతనైన లాయర్లు మన హైకోర్టుల్లో కొల్లలు.

కావాల్సింది రెండు రాష్ట్రాలు. మనం సరిగ్గా రెండు రాష్ట్రాలం. నీళ్ల మీదా ఆస్తుల మీదా ఒకరినొకరు కోర్టుకీడ్చుకున్నది చాలు. వచ్చే సమావేశాల్లో అమరావతిలో ఒక తీర్మానం, హైదరాబాదులో ఒక తీర్మానం పెట్టండి. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే కొత్త కార్డు పంచడానికి మీ వీధికి వచ్చినప్పుడు కార్డు తీసుకోండి, వద్దనకండి. తీసుకుంటూ, ఆ తీర్మానం మీద ఆయన ఓటు ఎటో అందరి ముందూ అడగండి.